లక్క ప్లేటు మీద కొండపాట

ఆరో సెమిస్టర్ మినీ ప్రాజెక్టు కోసం మాకో పాత పాట కావాల్సి వచ్చింది. పాతదంటే ఘంటసాల పాత కాదు, ఇంకా బాగా వెనక్కి. షరతులు రెండే. పాట నిండా గరగర ఉండాలి, కాపీరైటు గొడవ ఉండకూడదు. మా టాపిక్ రికార్డింగుల్లో రొదని తగ్గించడం. బ్యాచ్‌లో నలుగురం. ముగ్గురు కోడు రాస్తామన్నారు. పాటలు వెతికే పని నామీద పడేశారు, "నువ్వు సాహిత్యం క్లబ్బు కదరా, ఇలాంటి పాతచింతకాయ నీకే తెలుస్తుంది" అని.

అమెరికా చట్టం ప్రకారం అక్కడ 1923లో విడుదలైన రికార్డింగులన్నీ 2024 జనవరి 1 నుంచి అందరి సొత్తు అయిపోయాయి. అందుకని ఆ ఏడాది పెట్టి వెతికాను. అలా దొరికాడు ఫిడ్లిన్ జాన్ కార్సన్. రాత్రి పదకొండింటికి హాస్టల్ రూములో స్పీకర్ మీద పెట్టాను. పక్క మంచం మీద మా రూమ్మేట్ లేచి కూర్చుని, "ఎవర్రా ఆ ముసలాయన? పంటినొప్పా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. కానీ నాలుగు నెలలు ఆ పాటని ముక్కలు ముక్కలుగా కోసి, స్పెక్ట్రమ్ గీసి, మళ్ళీ మళ్ళీ వినాల్సి వచ్చింది. వైవా అయిపోయింది, గ్రేడూ వచ్చింది, పాటలు మాత్రం ఫోన్లోంచి పోలేదు. 1922 నుంచి ఓ పదేళ్ళపాటు అమెరికా దక్షిణాది కొండల్లోంచీ, నూలుమిల్లుల ఊళ్ళలోంచీ, బొగ్గుగనుల దగ్గర్నుంచీ వచ్చి ఫిడేలు, బాంజో, గిటారు వాయించి పోయినవాళ్ళ గురించి ఈ వ్యాసం. ఆ సంగీతాన్ని ఇప్పుడు ఓల్డ్ టైమ్ అంటున్నారు. కంట్రీ మ్యూజిక్ అనే కోట్ల వ్యాపారం దాని కడుపున పుట్టిందే.

కథ ఒక ఫర్నిచర్ షాపు దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకండి. ఆ రోజుల్లో గ్రామఫోన్ అంటే హాల్లో పెట్టుకునే చెక్కబీరువా లాంటి వస్తువు, దాన్ని అమ్మేది ఫర్నిచర్ షాపువాళ్ళే. పెట్టె కొన్నవాడికి ప్లేట్లు కూడా కావాలి కాబట్టి వాటినీ వాళ్ళే అమ్మేవాళ్ళు. అట్లాంటాలో పోక్ బ్రాక్‌మన్ అనే షాపతను ఓకే అనే కంపెనీ ప్లేట్లు అమ్మేవాడు. అదే కంపెనీ 1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాటని రికార్డు చేసి, నల్లజాతివాళ్ళు కూడా డబ్బిచ్చి ప్లేట్లు కొంటారన్న సంగతి కనిపెట్టింది. మరి పల్లెల నుంచి పనికోసం పట్నం వచ్చిన తెల్లవాళ్ళ మాటేమిటని బ్రాక్‌మన్ ఆలోచించాడు. వాళ్ళు ఎగబడి వినేది నూలుమిల్లులో పనిచేసిన కార్సన్ ఫిడేలు. ఊళ్ళో జరిగే పాతకాలపు ఫిడేలు పోటీల్లో కార్సన్‌కి చాలాసార్లు బహుమతి వచ్చింది, రేడియోలో కూడా వాయించేవాడు.

1923 జూన్‌లో కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన సామాను కట్టుకుని అట్లాంటా వచ్చి, ఒక ఖాళీ భవనంలో గరాటు బిగించి కార్సన్ చేత రెండు పాటలు వాయించి పాడించాడు. పీర్‌కి ఆ పాడటం అస్సలు నచ్చలేదు. ఇది అచ్చు వెయ్యడమెందుకు అన్నట్టే మాట్లాడాడట. బ్రాక్‌మన్ మాత్రం, నాకు ఐదొందల కాపీలు చేసివ్వండి చాలు అన్నాడు. అవి చిటికెలో అమ్ముడైపోయాయి. అప్పుడు కంపెనీ ఆ ప్లేటుకి క్యాటలాగులో నంబరిచ్చి దేశమంతా వదిలింది, నవంబరులో కార్సన్‌ని న్యూయార్క్ పిలిపించుకుంది. తనకి నచ్చని సంగీతం నుంచి ఇంత డబ్బు రావడం చూశాక పీర్ ఆ సంగీతాన్ని ఇక వదల్లేదు.

ఇతనే మొదటివాడా అంటే కాదు. అంతకు ఏడాది ముందే, 1922లో, ఎక్ రాబర్ట్‌సన్ అనే టెక్సాస్ ఫిడేలువాడు తనంతట తానే న్యూయార్క్ వెళ్ళి విక్టర్ కంపెనీ ఆఫీసులో కూర్చుని వాయించి రికార్డు చేయించుకున్నాడు. 'శాలీ గూడెన్' అనే ఆ ఒంటరి ఫిడేలు ప్లేటు వింటే, ఒకటే చిన్న మెట్టుని పది పన్నెండు రకాలుగా తిప్పుతాడు, ప్రతిసారీ ఏదో ఒకటి మారుతుంది. వాయిద్యం మాత్రమే చూస్తే కార్సన్ అతని దగ్గరకి కూడా రాడని నా ఉద్దేశం. కానీ మార్కెట్ తలుపు తెరిచింది కార్సనే.

కార్సన్‌ని పల్లెటూరి అమాయకుడిగా చూపించే వ్యాసాలు చాలా చదివాను. అది సగం నిజమే. 1913లో అట్లాంటా పెన్సిల్ ఫ్యాక్టరీలో మేరీ ఫేగన్ అనే పదమూడేళ్ళ పిల్ల హత్యకి గురైంది. సూపరింటెండెంట్ లియో ఫ్రాంక్, యూదుడు, మీద నేరం మోపారు. శిక్ష తగ్గించాక 1915లో ఒక మూక జైల్లోంచి అతన్ని ఎత్తుకుపోయి ఉరి తీసింది. అతను నిర్దోషి అని ఇప్పుడు చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ కేసు మీద పాట కట్టి కోర్టు మెట్ల దగ్గర జనానికి పాడినవాడు కార్సన్. అంటే ఆ ద్వేషానికి గాలి ఊదినవాళ్ళలో అతనూ ఒకడు. ఈ సంగతి తెలిశాక కూడా అతని ఫిడేలు బాగుందనిపించడం నాకు ఇబ్బందిగానే ఉంది. ఆ ఇబ్బందిని మీకూ పంచుతున్నాను, ఏమనుకోకండి.

ఇక పాత కొండపాటలు అనే మాట. కార్సన్ ఆరోజు పాడిన 'లిటిల్ ఓల్డ్ లాగ్ కాబిన్ ఇన్ ద లేన్' కొండల్లో పుట్టింది కాదు. 1871లో విల్ ఎస్. హేస్ అనే వృత్తి రచయిత, తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని అనుకరించే రంగస్థలం కోసం రాసిన పాట. అచ్చయి, ఊళ్ళు తిరిగి, కొండలెక్కి, యాభై ఏళ్ళు అక్కడి గొంతుల్లో నాని, యాస మార్చుకుని, మళ్ళీ పట్నం వచ్చి గరాటు ముందు నిలబడింది. జానపదం అనగానే మనం దానికి రచయితే లేడనుకుంటాం. చాలాసార్లు ఉంటాడు, జనం అతని పేరు మర్చిపోతారంతే.

ఇప్పుడు మన సబ్జెక్టుకొద్దాం, ఈసీఈ వాళ్ళు కాస్త ముందుకి జరగండి.

1925 దాకా రికార్డింగులో కరెంటు పాత్ర లేదు. పాడేవాడి ముందు పెద్ద గరాటు, దాని చివర పల్చని పొర, పొరకి సూది, సూది కింద తిరిగే మైనపు పళ్ళెం. గాలిలో వచ్చిన కంపనమే సూదిని తోసి మైనంలో గాడి చెక్కాలి. యాంప్లిఫయర్ లేదు, గట్టిగా పాడటమే గెయిన్. ఇలాంటి ఏర్పాటు సుమారు 200 నుంచి 2,500 హెర్ట్జ్‌ల దాకా పట్టేది, మిగతాది గాలికి పోయేది. గిటారు ఆరు తీగల్లో బొంగురు తీగలు నాలుగూ విడిగా మీటితే వచ్చే స్వరాలు సుమారు 82, 110, 147, 196 హెర్ట్జ్‌లు. నాలుగూ గరాటు గుమ్మం బయటే. వాటి హార్మోనిక్స్ లోపలికి వస్తాయి కాబట్టి చెవి లేని ఆధార స్వరాన్ని ఊహించుకుంటుంది, కానీ ఆ బరువు రాదు. ఫిడేలుకీ బాంజోకీ ఆ బాధ తక్కువ. తోలు బిగించిన బాంజో చెళ్ళుమని మోగుతుంది, పొరని బాగానే తోస్తుంది. తొలినాటి ప్లేట్లలో ఫిడేలూ బాంజో పెత్తనం చెయ్యడానికి సంప్రదాయం ఒక కారణమైతే, గరాటు ఇంకో కారణం.

మా ప్రాజెక్టు దగ్గరే నాకు దెబ్బ తగిలింది. స్పెక్ట్రల్ సబ్‌ట్రాక్షన్ పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. పాట మొదలవ్వకముందు ఉత్త గరగర ఉన్న ముక్క తీసుకుని, దాని స్పెక్ట్రమ్ అంచనా వేసి, మొత్తం పాటలోంచి దాన్ని తీసేయడం. తీసేశాం. గరగర పోయింది. దానితోపాటు కార్సన్ కమాను తీగని ఒరుసుకునే శబ్దం కూడా పోయింది. ఎందుకంటే ఆ ఒరిపిడి కూడా యంత్రం లెక్కలో రొదే. మిగిలింది నీళ్ళలో మునిగిన ఫిడేలు, మధ్యమధ్య గంటలు మోగినట్టు కృత్రిమ కూతలు. గ్రాఫు మాత్రం చూడముచ్చటగా ఉంది. సార్ గ్రాఫు చూసి బాగుందన్నారు. నేను మాత్రం మా రిపోర్టులో "రొద అంటే ఏమిటో ముందు నిర్ణయించుకోవాలి" అని ఒక వాక్యం రాశాను, బ్యాచ్‌మేట్లు దాన్ని తీసేశారు.

ఫిడేలు అన్నాను కదా, ఆ మాటని పఠాభి పుణ్యమా అని మన క్లబ్బులో ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు. 1919లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడిగా చేరి ఫిడేలు నాయుడుగారు అనిపించుకుంటున్న రోజుల్లోనే, భూమికి అవతలి పక్క ఈ ఫిడేళ్ళు మోగుతున్నాయి. వాయిద్యం ఒకటే, యూరప్ వయొలినే. ఆశ్చర్యమేమిటంటే రెండుచోట్లా దాన్ని యూరప్ పద్ధతి నుంచి ఒకే దిక్కుకి లాగారు. యూరప్ శ్రుతిలో నాలుగు తీగలూ జి, డి, ఎ, ఇ. ఒకదాని నుంచి ఇంకోటి పంచమం ఎడంగా పోతాయి. కర్ణాటక సంగీతంలో మనం స-ప-స-ప పెట్టుకుంటాం. ఆ కొండవాళ్ళు చాలా పాటలకి కింది రెండు తీగల్నీ ఒక్కో మెట్టు బిగించి ఎ-ఇ-ఎ-ఇ చేసుకుంటారు. ఎ ని షడ్జమం అనుకోండి, అది అచ్చంగా స-ప-స-ప. ఒకరిది చూసి ఇంకొకరు నేర్చుకున్నది కాదు. ఖాళీ తీగ పక్కనే మోగుతూ శ్రుతి పట్టాలి అనుకున్న ఎవరైనా అక్కడికే చేరతారు. చాలామంది కొండ ఫిడేలువాళ్ళు గడ్డం కింద కాకుండా ఛాతీకి ఆనించి పట్టుకుంటారు, పాడుతూ వాయించాలంటే దవడ ఖాళీగా ఉండాలిగా మరి. బాంజోకి కూడా ఐదో తీగ పొట్టిది, బొటనవేలితో కొడుతూ ఉంటే ఒకే స్వరం మోగుతూ ఉంటుంది. మన తంబురా చేసే పనిలో కొంత అది చేస్తుంది.

ఆ బాంజో ఎక్కడిది? ఆఫ్రికాది. సొరకాయ బుర్రకి తోలు బిగించి చేసిన వాయిద్యాల జ్ఞాపకాన్ని బానిసలుగా వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నారు. అమెరికాలో వాళ్ళ చేతుల్లోనే అది బాంజో అయింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకరి దగ్గర ఒకరు పాటలెత్తుకుంటూ, ఫిడేలు బాంజో కలిపి వాయించడం వందేళ్ళ పాటు సాగింది. రికార్డు కంపెనీలు వచ్చి మధ్యలో గీత గీశాయి. కొలంబియా కంపెనీ నల్లవాళ్ళ సంగీతానికి 14000 వరస, పల్లెటూరి తెల్లవాళ్ళ సంగీతానికి 15000 వరస అని విడివిడి నంబర్లు పెట్టింది. మిగతావాళ్ళూ అదే బాట. నల్లవాడొస్తే బ్లూస్ పాడమనేవాళ్ళు, తెల్లవాడొస్తే ఫిడేలు పాట. నల్లవాళ్ళ ఫిడేలు బృందాలు చాలానే ఉన్నా ప్లేట్ల మీదకి ఎక్కినవి కొద్ది. 1927లో షార్లెట్ ఊళ్ళో జార్జియా ఎల్లో హ్యామర్స్ అనే తెల్లవాళ్ళ బృందంతో ఆండ్రూ బాక్స్‌టర్ అనే నల్లజాతి ఫిడేలువాడు కలిసి వాయించిన ప్లేటు ఒకటుంది, 'జి రాగ్'. జి అంటే శ్రుతి, రాగ్ అంటే రాగ్‌టైమ్, మన రాగం కాదు. వింటుంటే ఎవరు ఏ రంగో చెప్పమనండి చూద్దాం.

పేరు పెట్టడం కూడా వ్యాపారమే. 1925 జనవరిలో ఆల్ హాప్‌కిన్స్ బృందం న్యూయార్క్‌లో రికార్డింగ్ ముగించాక, మీ బృందం పేరేమని రాయమంటారని పీర్ అడిగాడు. మేం నార్త్ కరోలినా, వర్జీనియా నుంచి వచ్చిన హిల్‌బిల్లీలం, ఏదో ఒకటి రాసుకోండి అన్నాడట హాప్‌కిన్స్. హిల్‌బిల్లీ అంటే కొండమోటు అన్నంత తిట్టు. పీర్ ప్లేటు మీద ఆ మాటే రాయించాడు. కొన్నాళ్ళకి మొత్తం సంగీతానికే ఆ పేరు అంటుకుంది. తమాషా ఏంటంటే ఈ మోటువాళ్ళలో చాలామంది అప్పటికే కొండ దిగి మిల్లుల్లో షిఫ్టులు చేస్తున్నవాళ్ళు. సైరన్ కూతకి లేచి సైరన్ కూతకి పడుకునే జనం కొండ మీది పాతింటి గురించి పాడుకున్నారు.

వాళ్ళలో నాకిష్టమైనవాడు చార్లీ పూల్. నార్త్ కరోలినాలో స్ప్రే అనే మిల్లుల ఊరి మనిషి. బేస్‌బాల్ బంతిని చేతి తొడుగు లేకుండా పడతానని పందెం కాసి వేళ్ళు విరగ్గొట్టుకున్నాడు. అవి వంకరగానే అతుక్కున్నాయి. ఆ వంకర వేళ్ళతోనే మూడు వేళ్ళ బాంజో మీటు అలవాటు చేసుకున్నాడు. 1925 జూలైలో ఇంకో ఇద్దరితో న్యూయార్క్ వెళ్ళి కొలంబియాకి నాలుగు పాటలు ఇచ్చాడు. ముగ్గురికీ కలిపి ముట్టింది 75 డాలర్లు. వాటిలో ఒక ప్లేటు లక్షకి పైగా కాపీలు అమ్ముడైంది. ఒక్క అదనపు పైసా రాలేదు. ఆ బృందంలో ముగ్గురూ ఒకరి మీద ఒకరు అరవరు. ఫిడేలు పాడుతుంటే బాంజో మెల్లగా నడుస్తుంది, గిటారు కింద మెట్లు కడుతుంది. అదే కంపెనీలో స్కిల్లెట్ లిక్కర్స్ బృందం దీనికి పూర్తిగా ఉల్టా. రెండు మూడు ఫిడేళ్ళు, కేకలు, జోకులు, పెళ్ళి ఊరేగింపు గోల. గిడ్ టానర్ ముందు నిలబడి గంతులేసేవాడు, వెనక చూపులేని రైలీ పకెట్ గిటారు కింది తీగల మీద పరుగులు తీసేవాడు. పార్టీకి వాళ్ళు, అర్ధరాత్రి ఒంటరిగా పూల్, ఇదీ నా లెక్క. పూల్‌కి 1931లో సినిమా సంగీతం కోసం హాలీవుడ్ పిలుపొచ్చింది. ఆ సంతోషంలో వారాల తరబడి తాగి, బయల్దేరకుండానే పోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు.

1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ మైక్రోఫోన్ వచ్చింది. పై హద్దు 5,000 హెర్ట్జ్‌లకీ, కింది హద్దు 100కీ జరిగాయి. ఇక అరవక్కర్లేదు. నా ఉద్దేశంలో ఈ సంగీతాన్ని తలకిందులు చేసింది ఆ రెండంకెలే. అది కనిపించే చోటు బ్రిస్టల్.

బ్రిస్టల్ ఊరి మెయిన్ రోడ్డు మధ్యలోంచి రాష్ట్ర సరిహద్దు పోతుంది, ఉత్తరం పక్క వర్జీనియా, దక్షిణం పక్క టెన్నెసీ. 1927 జూలై 25న రాల్ఫ్ పీర్, ఇప్పుడు విక్టర్ కంపెనీ తరఫున, టెన్నెసీ వైపు ఒక టోపీల కంపెనీ ఖాళీ భవనంలో దిగాడు. గోడలకి దుప్పట్లు కట్టారు. మైనపు పళ్ళేన్ని తిప్పడానికి కరెంటుని నమ్ముకోలేదు, గడియారంలోలాగా బరువు కిందికి దిగుతుంటే తిరిగే ఏర్పాటు. శబ్దానికి ఎలక్ట్రానిక్స్, వేగానికి భూమ్యాకర్షణ! మొదట్లో వచ్చినవాళ్ళు తక్కువ. ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అనే వడ్రంగి, అప్పటికే ప్లేట్లిచ్చినవాడు, కిందటేడు ఈ పాటల మీద 3,600 డాలర్లు సంపాదించాడని స్థానిక పేపర్లో పడింది. మర్నాటి నుంచి బస్సుల్లో, గుర్రబ్బండ్లలో, నడిచీ జనం వచ్చేశారు. ఆగస్టు 5న మూటాముల్లే సర్దేలోపు 19 బృందాలు, 76 రికార్డింగులు అయ్యాయి.

ఆగస్టు 1న కార్టర్ కుటుంబం వచ్చింది. ఏ.పీ. కార్టర్, భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్. మేబెల్ సారాకి వరసకి చెల్లెలు, పైగా తోడికోడలు. అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల, నెలలు నిండుతున్న గర్భిణి. సారా చంటిబిడ్డని కూడా తెచ్చుకున్నారు. దాదాపు పాతిక మైళ్ళ కొండదారి, టైరు పంక్చర్లు. సాయంత్రం నాలుగు, మర్నాడు పొద్దున రెండు, మొత్తం ఆరు పాటలు. పాడింది సారా, గిటారు మేబెల్. బొటనవేలితో బొంగురు తీగల మీద పాట మెట్టు మీటుతూ, చూపుడువేలితో సన్న తీగల్ని గీరుతూ తాళం వేస్తుంది. ఒక్క గిటారు ఇద్దరు వాయించినట్టుంటుంది. పైన చెప్పిన హెర్ట్జ్‌ల లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. మేబెల్ పాట నడిపింది సరిగ్గా ఆ గుమ్మం బయటి తీగల మీద. నాలుగేళ్ళు ముందు గరాటు ముందు కూర్చుని ఉంటే ఆ చెయ్యి చరిత్రలో సగమే వినబడేది.

మూడు రోజుల తర్వాత, 4వ తేదీన, జిమ్మీ రోడ్జర్స్ అనే మాజీ రైల్వే బ్రేక్‌మన్ వచ్చాడు, క్షయ రోగి. ప్లేటు మీద ఎవరి పేరుండాలన్న గొడవలో ముందు రోజే అతని బృందం విడిపోయింది, ఒక్కడే గిటారుతో రెండు పాటలు పాడాడు. తర్వాత పెద్ద స్టార్ అయిన కథ ఎక్కడైనా దొరుకుతుంది, నేను మళ్ళీ రాయను. 1933 మేలో న్యూయార్క్ స్టూడియోలో పాటకీ పాటకీ మధ్య మంచం మీద పడుకుని లేస్తూ రికార్డింగ్ ముగించి, రెండు రోజులకి హోటల్ గదిలో చనిపోయాడు. ముప్ఫై ఐదేళ్ళు.

పీర్ తెలివి డబ్బు విషయంలో చూడాలి. విక్టర్ దగ్గర జీతం వద్దన్నాడు, పాటల ప్రచురణ హక్కులు నాకొదలండి చాలన్నాడు. పాడినవాడికి పాటకి 50 డాలర్లు, పైన కొంచెం రాయల్టీ. పూల్ అనుభవంతో పోలిస్తే ఇది మెరుగే. కానీ హక్కు రావాలంటే పాట కొత్తదై ఉండాలి, లేదా కొత్తగా కట్టినట్టు ఉండాలి. అందుకని ఏ.పీ. కార్టర్ కొండలూ లోయలూ తిరిగి పాత పాటలు ఏరుకొచ్చి, దిద్ది, తన పేరు మీద రిజిస్టరు చేయించేవాడు. 1928లో వాళ్ళు రికార్డు చేసిన 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్' కూడా 1860 నాటి అచ్చుపాటకి అరిగిపోయిన రూపమే.

ఆ తిరుగుళ్ళలో ఏ.పీ. వెంట లెస్లీ రిడిల్ ఉండేవాడు. కింగ్స్‌పోర్ట్ ఊరి నల్లజాతి యువకుడు, సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోయాక గిటారు మీద పడ్డాడు. ఏ.పీ.కి ట్యూన్లు గుర్తుండేవి కావు. మాటలు తను రాసుకునేవాడు, ట్యూన్ రిడిల్ బుర్రలో పెట్టుకునేవాడు. ఇంటికొచ్చాక రిడిల్ వాయిస్తే సారా, మేబెల్ నేర్చుకునేవాళ్ళు. అతని గిటారు మీటు లోంచి కూడా మేబెల్ తీసుకుంది, అది ఆమే చెప్పింది. అంటే మనిషే టేప్ రికార్డర్. రిజిస్టర్లో ఆ మనిషి పేరు లేదు. పత్రికల్లో కార్టర్ కుటుంబాన్ని "కంట్రీ సంగీతపు మొదటి కుటుంబం" అని రాస్తుంటారు. వాళ్ళంటే నాకూ గౌరవమే, కానీ ఆ మాట చదివినప్పుడల్లా కుంటుతూ కొండెక్కే రిడిల్ గుర్తొస్తాడు. 1965లో మైక్ సీగర్ అనే సంగీతకారుడు వెతుక్కుంటూ వెళ్ళి కలిసి అతని పాటలు రికార్డు చేశాడు. ఆల్బమ్‌గా వచ్చింది 1993లో. రిడిల్ అంతకుముందే పోయాడు.

ఇంకో సంగతి, ఇది మన దాకా వస్తుంది. ఈ ప్లేట్లు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, పది అంగుళాల ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు. ఇరవై చరణాల కథాగేయం ఐదారు చరణాలకి కుదించుకుపోయింది, పావుగంట నాట్యానికి వాయించే మెట్టు మూడు నిమిషాలకి ఆగిపోయింది. ఆ ప్లేట్లు దేనితో చేసేవారు? రాతిపొడి, మసి, దూది పీచు, వాటన్నిటినీ పట్టి ఉంచే లక్క. ఆ లక్క ప్రధానంగా వెళ్ళింది మన దేశం నుంచి, ఎక్కువగా ఛోటానాగ్‌పుర్ అడవుల నుంచి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు కక్కిన జిగురు. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపిచ్చే పదార్థమే కార్సన్ గొంతునీ పట్టుకుంది. ఆ లక్క గీకినవాళ్ళెవరూ ఆ పాట విని ఉండరు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువై 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల తయారీకిచ్చే వాటా బాగా కోసేసింది. కంపెనీలు పాత ప్లేట్లు తెచ్చిస్తే కరిగించి కొత్తవి చేశాయి. ఎన్ని గొంతులు అలా కరిగిపోయాయో లెక్కలేదు.

అంతకుముందే మాంద్యం కొట్టింది. 1927లో అమెరికాలో పది కోట్ల పైచిలుకు ప్లేట్లు అమ్ముడైతే, 1932 నాటికి అరవై లక్షల దగ్గరకి పడిపోయింది. పాడినవాళ్ళు మళ్ళీ మిల్లులకీ గనులకీ పోయారు. డాక్ బాగ్స్ అలాంటివాడు. వర్జీనియాలో నార్టన్ దగ్గర బొగ్గుగని కార్మికుడు. 1927లో ఊరి హోటల్లో పెట్టిన ఆడిషన్‌కి బాంజో అరువు తీసుకుని వెళ్ళాడు. న్యూయార్క్‌లో ఎనిమిది పాటలు, 1929లో ఇంకో నాలుగు, అంతే. అతని బాంజో తాళం కొట్టదు, గొంతు వెంటే స్వరం స్వరం నడుస్తుంది. నల్లజాతి వాద్యకారుల దగ్గర చిన్నప్పుడు విన్న పద్ధతి అది. మొదటిసారి విన్నప్పుడు నాకు భయమేసింది, ఇప్పటికీ రాత్రిపూట వినను. డబ్బు రాలేదు, భార్యకీ ఆ జీవితం నచ్చలేదు. బాంజోని స్నేహితుడి దగ్గర తాకట్టు పెట్టి గనిలోకి దిగాడు.

1952లో హ్యారీ స్మిత్ అనే విచిత్రమైన మనిషి, లక్క కోసం పోగేసిన కుప్పల్లోంచీ పాత దుకాణాల్లోంచీ తను ఏరుకున్న ప్లేట్లలో 84 పాటలు ఎంచి, ఆరు ఎల్పీలుగా ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా వేయించాడు. ఎవరు నల్లవాళ్ళో ఎవరు తెల్లవాళ్ళో అట్ట మీద కావాలనే రాయలేదు. కంపెనీలు పాతికేళ్ళ కిందట గీసిన గీతని ఆ ఒక్క పనితో చెరిపేశాడు. వాటిలో బాగ్స్ పాటలు రెండున్నాయి. అవి విన్న కాలేజీ పిల్లలు, ఈ మనుషులు ఎప్పుడో పోయుంటారనుకున్నారు. మైక్ సీగర్ మాత్రం 1963లో నార్టన్ వైపు వెళ్ళి వాకబు చేస్తే బాగ్స్ ఇంట్లోనే ఉన్నాడు, గని నుంచి రిటైరై. తాకట్టు బాంజో అప్పటికే విడిపించుకుని మళ్ళీ సాధన చేస్తున్నాడు. ఆ వేసవిలోనే న్యూపోర్ట్ ఉత్సవంలో వేదిక ఎక్కాడు. 1971లో పోయేదాకా పాడాడు.

వినాలనుకునేవాళ్ళకి ఒక మాట. కార్సన్‌తో మొదలుపెట్టకండి, మా రూమ్మేట్‌లాగే పారిపోతారు. ముందు పూల్, తర్వాత కార్టర్ కుటుంబం, ఆ తర్వాత 'జి రాగ్', అప్పుడు 'శాలీ గూడెన్'. బాగ్స్‌ని చివరికి ఉంచుకోండి. రొద తీసేసిన వెర్షన్, తియ్యని వెర్షన్ రెండూ దొరికితే తియ్యనిదే పెట్టుకోండి. మా ప్రాజెక్టు ఫైళ్ళు కావాలంటే క్లబ్బు రూములో అడగండి, పెన్‌డ్రైవ్ మీరే తెచ్చుకోవాలి.